బహుపరమాణుక అయాన్లు: పట్టిక మొత్తం బట్టీ పట్టకుండా ఫార్ములాలు సరిగ్గా రాయడం ఎలా?

తొమ్మిదో తరగతి పిల్లల నుంచి ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ, బైపీసీ వాళ్ల దాకా అడిగే ప్రశ్న ఒకటే: "సార్, ఈ అయాన్ల పట్టిక మొత్తం నోటికి రావాలా?" అక్కర్లేదు. పది వస్తే చాలు, మిగతావి వాటిలోంచే రాబట్టుకోవచ్చు. అయితే ఆ పదింటికీ పేరు, ఫార్ములా, ఛార్జ్ మూడూ కలిసి రావాలి. పేరు, ఫార్ములా నేర్చుకుని ఛార్జ్ వదిలేసినవాళ్లే పరీక్షలో తిప్పలు పడతారు.

ఒక మాట ముందే చెప్పాలి. ఇక్కడ మూలకాల గుర్తులను పలికినట్టే తెలుగులో రాశాను, చదవడానికి వీలుగా రెండు అయాన్ల మధ్య కాస్త ఖాళీ వదిలాను. మీ నోటుబుక్కులో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీ లేకుండా రాయండి. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా అక్కడ చాలా ముఖ్యం. సీ, ఓ రెండూ పెద్దవైతే కార్బన్ మోనాక్సైడ్, ఓ చిన్నదైతే కోబాల్ట్.

## 1. మొదలుపెట్టే ముందు

ఈ నాలుగూ వచ్చో లేదో చూసుకోండి. రాకపోతే ముందు వీటికే రెండు రోజులు కేటాయించండి.

- సోడియం, పొటాషియం ఛార్జ్ 1+. మెగ్నీషియం, కాల్షియం, జింక్ 2+. అల్యూమినియం 3+.
- క్లోరైడ్, ఫ్లోరైడ్ 1−. ఆక్సైడ్, సల్ఫైడ్ 2−.
- గుర్తు కింద రాసే అంకె పరమాణువుల సంఖ్యను, పైన రాసే అంకె ఛార్జ్‌ను చెబుతుంది.
- పదార్థం మొత్తం మీద ఛార్జ్ సున్నా అవ్వాలి.

ఇక ఇంట్లోంచి నాలుగు వస్తువులు తెచ్చి ముందు పెట్టుకోండి: పటిక ముక్క, కాస్త సున్నం, తినే సోడా, ఖాళీ ఎరువు బస్తా. పట్టికలో పేర్లు చూస్తే నిద్రొస్తుంది. చేతిలో వస్తువు ఉంటే పేరు గుర్తుంటుంది.

## 2. గుంపును గుంపుగానే చూడండి

రెండు లేదా అంతకంటే ఎక్కువ పరమాణువులు సంయోజనీయ బంధాలతో (అంటే ఎలక్ట్రాన్లను పంచుకుని) కలిసి, ఆ గుంపు మొత్తానికి ఒక ఛార్జ్ ఉంటే అదే బహుపరమాణుక అయాన్. సల్ఫేట్‌లో ఒక సల్ఫర్, నాలుగు ఆక్సిజన్‌లు ఉంటాయి. మొత్తం ఛార్జ్ 2−. కాబట్టి ఎస్‌ఓ₄²⁻.

ఆ 2− ఎవరిది? చివర రాశాం కదా అని ఆక్సిజన్‌ది అనుకుంటారు. ఉమ్మడి కుటుంబం చేసిన అప్పు లాంటిది అది. కాగితం మీద సంతకం ఒకరే పెట్టినా అప్పు ఇంటి మీద ఉంటుంది.

ఎలక్ట్రాన్లు లెక్కపెడితే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. సల్ఫర్ బాహ్య కక్ష్యలో 6, నాలుగు ఆక్సిజన్‌లవి 24, కలిపితే 30. అయాన్‌లో ఉన్నవి 32. ఆ రెండు ఎక్కువ ఎలక్ట్రాన్లే 2−. అమ్మోనియంలో దీనికి తిరుగుడు: నైట్రోజన్‌వి 5, నాలుగు హైడ్రోజన్‌లవి 4, మొత్తం 9 ఉండాలి. ఉన్నవి 8. ఒకటి తగ్గింది కాబట్టి 1+.

మన నల్లగొండలో పసిపిల్లాడికి కూడా ఫ్లోరైడ్ పేరు తెలుసు. కానీ ఫ్లోరైడ్ బహుపరమాణుక అయాన్ కాదు. అది ఒక్క పరమాణువు, ఎఫ్⁻ అంతే. ఆ ఫ్లోరైడ్‌ను నీళ్లలోంచి తీయడానికి నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించిన "నల్లగొండ టెక్నిక్"లో వాడే పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ చూడండి. మూడింట్లోనూ బహుపరమాణుక అయాన్లే: వరసగా సల్ఫేట్, హైడ్రాక్సైడ్, హైపోక్లోరైట్. ఈ పాఠానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు కనపడలేదు.

యూరియా సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఫార్ములాలో బ్రాకెట్ కనిపిస్తుంది, సీఓ(ఎన్‌హెచ్₂)₂. అయినా అందులో అయాన్లు లేవు, అది మామూలు అణువు. నేలలో పడ్డాక అమ్మోనియంగా మారేది వేరే కథ. బ్రాకెట్ ఉన్న ప్రతిదీ అయాన్ అనుకోవద్దు.

## 3. నేర్చుకోవాల్సిన పది

ఛార్జ్ ప్రకారం కట్టలు కట్టుకుని నేర్చుకోండి. అక్షర క్రమంలో నేర్చుకుంటే ఛార్జ్‌లు కలగాపులగం అవుతాయి.

ఛార్జ్ 1+
- అమ్మోనియం, ఎన్‌హెచ్₄⁺: డీఏపీ, అమ్మోనియం సల్ఫేట్ ఎరువులు

ఛార్జ్ 1−
- హైడ్రాక్సైడ్, ఓహెచ్⁻: సున్నపు తేట
- నైట్రేట్, ఎన్‌ఓ₃⁻: సురేకారం
- క్లోరేట్, సీఎల్‌ఓ₃⁻: అగ్గిపుల్ల తలలోని మందు
- ఎసిటేట్, సీహెచ్₃సీఓఓ⁻: వెనిగర్‌లోని ఆమ్లం నుంచి వచ్చేది
- పర్మాంగనేట్, ఎంఎన్‌ఓ₄⁻: బావుల్లో వేసే ఊదారంగు మందు

ఛార్జ్ 2−
- కార్బనేట్, సీఓ₃²⁻: సున్నపురాయి, షాబాద్ బండ, చాకలి సోడా
- సల్ఫేట్, ఎస్‌ఓ₄²⁻: పటిక, మైలుతుత్తం, పల్లి చేనుకు వేసే జిప్సం
- డైక్రోమేట్, సీఆర్₂ఓ₇²⁻: ఇంటర్ ల్యాబ్‌లో కనిపించే నారింజ రంగు ద్రావణం

ఛార్జ్ 3−
- ఫాస్ఫేట్, పీఓ₄³⁻: ఎముకల్లో ఉండేది

ఒక్కోదానికి ఒక కార్డు చేసుకోండి. ముందు వైపు పేరు, వెనక ఫార్ములా, ఛార్జ్. రోజుకు మూడు చాలు. చూసి చదవడం వల్ల ఉపయోగం తక్కువ. పేరు చూసి చేత్తో రాయాలి, ఆ తర్వాతే కార్డు తిప్పాలి.

ఛార్జ్ గుర్తు రాకపోతే ఆమ్లం గుర్తు తెచ్చుకోండి. సల్ఫ్యూరిక్ ఆమ్లం హెచ్₂ఎస్‌ఓ₄. రెండు హైడ్రోజన్‌లు హెచ్⁺ గా పోతే మిగిలేది 2−. నైట్రిక్ ఆమ్లం హెచ్‌ఎన్‌ఓ₃, ఒక్కటి పోతే 1−. ఫాస్ఫారిక్ ఆమ్లం హెచ్₃పీఓ₄, మూడు పోతే 3−. పరీక్ష హాల్లో టెన్షన్‌లో అన్నీ మరిచిపోయినా ఆమ్లాల ఫార్ములాలు మాత్రం గుర్తుంటాయి, ఎందుకంటే వాటిని ఆరో తరగతి నుంచే వింటున్నాం.

ఈ కిటుకుకు ఒక హద్దు ఉంది. ఆక్సిజన్‌కు అంటుకున్న హైడ్రోజనే హెచ్⁺ గా పోతుంది. ఎసిటిక్ ఆమ్లంలో నాలుగు హైడ్రోజన్‌లున్నా పోయేది ఒక్కటే. హెచ్₃పీఓ₃ లో మూడున్నా పోయేవి రెండే, ఇది ఇంటర్ వాళ్లకు తరచూ వచ్చే బిట్.

## 4. పదింటి నుంచి మిగతావి రాబట్టడం

"ఏట్"తో ముగిసే అయాన్ నుంచి మొదలుపెట్టండి.

1. ఒక ఆక్సిజన్ తీసేస్తే "ఐట్". ఛార్జ్ మారదు. నైట్రేట్ ఎన్‌ఓ₃⁻, నైట్రైట్ ఎన్‌ఓ₂⁻. సల్ఫేట్ ఎస్‌ఓ₄²⁻, సల్ఫైట్ ఎస్‌ఓ₃²⁻.
2. ఇంకొకటి కూడా తీసేస్తే ముందు "హైపో" చేరుతుంది. క్లోరైట్ సీఎల్‌ఓ₂⁻, హైపోక్లోరైట్ సీఎల్‌ఓ⁻.
3. "ఏట్"కు ఒకటి కలిపితే ముందు "పర్". క్లోరేట్ సీఎల్‌ఓ₃⁻, పర్‌క్లోరేట్ సీఎల్‌ఓ₄⁻.
4. ఒక హెచ్⁺ చేరితే ముందు "హైడ్రోజన్" లేదా "బై". రుణ ఛార్జ్ ఒకటి తగ్గుతుంది. కార్బనేట్ సీఓ₃²⁻, బైకార్బనేట్ హెచ్‌సీఓ₃⁻.
5. ఒక ఆక్సిజన్ బదులు సల్ఫర్ వస్తే "థయో". సల్ఫేట్ నుంచి థయోసల్ఫేట్ ఎస్₂ఓ₃²⁻.

నాలుగో నియమానికి ఫాస్ఫేట్ మంచి అభ్యాసం. పీఓ₄³⁻ కు ఒక హెచ్⁺ చేర్చండి, హెచ్‌పీఓ₄²⁻. ఇంకొకటి చేర్చండి, హెచ్₂పీఓ₄⁻. డీఏపీలో ఉన్నది మధ్యది. అందుకే దాని ఫార్ములా (ఎన్‌హెచ్₄)₂ హెచ్‌పీఓ₄.

మాంగనీస్ దగ్గర మూడో నియమం పనిచేయదు. మాంగనేట్, పర్మాంగనేట్ రెండింట్లోనూ నాలుగే ఆక్సిజన్‌లు. తేడా ఛార్జ్‌లో ఉంది: మాంగనేట్ 2−, పర్మాంగనేట్ 1−. దీన్ని విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే.

## 5. ఫార్ములా రాసే వరుస

వరుస మార్చకండి. తప్పుల్లో సగం మూడో మెట్టును ఎగరగొట్టడం వల్లే వస్తాయి.

1. ధన అయాన్ ఎడమవైపు, రుణ అయాన్ కుడివైపు రాయండి.
2. రెండింటి మీదా ఛార్జ్ రాయండి, బాగా తెలిసినవైనా సరే.
3. బహుపరమాణుక అయాన్ చుట్టూ పెన్సిల్‌తో బ్రాకెట్ పెట్టండి. కావాలా వద్దా అని ఇప్పుడే ఆలోచించకండి.
4. ఛార్జ్ అంకెలను అడ్డంగా మార్చి కింద రాయండి, అంటే ఒకదాని ఛార్జ్ అంకె రెండోదాని కిందికి రావాలి.
5. అంకెలను భాగించగలిగితే భాగించండి.
6. బ్రాకెట్ బయట 1 మిగిలితే బ్రాకెట్ తుడిచేయండి. 2 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే అలాగే ఉంచండి.
7. మొత్తం ఛార్జ్ సున్నా వచ్చిందో లేదో కూడి చూడండి.

అల్యూమినియం సల్ఫేట్ చేద్దాం. ఏఎల్³⁺, (ఎస్‌ఓ₄)²⁻. అడ్డంగా మారిస్తే ఏఎల్₂(ఎస్‌ఓ₄)₃. తనిఖీ: 2 × 3 = 6 ధనం, 3 × 2 = 6 రుణం. సరిపోయింది. ఆక్సిజన్‌లు ఎన్ని? బ్రాకెట్ లోపలి 4, బయటి 3, మొత్తం 12. అణుభారం 54 + 96 + 192 = 342. ఈ 12 బదులు 4 వేసినవాళ్లకు జవాబు 214 వస్తుంది. మోల్ లెక్కల్లో ఇది చాలామంది చేసే తప్పు.

కాల్షియం కార్బనేట్‌లో అడ్డంగా మారిస్తే సీఏ₂(సీఓ₃)₂ వస్తుంది. రెండు వైపులా 2 ఉంది కాబట్టి భాగిస్తే సీఏ సీఓ₃. భాగించేది బ్రాకెట్ బయటి అంకెలనే. లోపలి 3 జోలికి పోకూడదు.

మరొకటి, వరి రైతులకు పనికొచ్చేది. జింక్ జెడ్‌ఎన్²⁺, ఫాస్ఫేట్ పీఓ₄³⁻. జింక్ ఫాస్ఫేట్ జెడ్‌ఎన్₃(పీఓ₄)₂. ఇది నీళ్లలో కరగదు. జింక్ సల్ఫేట్‌ను డీఏపీ లాంటి భాస్వరం ఎరువులతో కలిపి చల్లొద్దని వ్యవసాయాధికారులు చెప్పేది అందుకే. కలిస్తే జింక్ మొక్కకు అందకుండా ఉండిపోతుంది.

## 6. ఫార్ములా చూసి పేరు చెప్పడం

ఇది సులభం. ధన అయాన్ పేరు, తర్వాత రుణ అయాన్ పేరు, అంతే. "డై", "ట్రై" చేర్చకండి. సీఏ(ఎన్‌ఓ₃)₂ కాల్షియం నైట్రేట్. కాల్షియం డైనైట్రేట్ అని రాస్తే మార్కు పోతుంది. ఇనుము, రాగి లాంటి వాటికి మాత్రం ఛార్జ్‌ను రోమన్ అంకెల్లో పేరు పక్కన రాయాలి.

## 7. సమీకరణాలు తుల్యం చేసేటప్పుడు

గుంపు రెండు వైపులా విరగకుండా ఉంటే దాన్ని ఒకే మూలకంలా లెక్కపెట్టండి. పటిక, సున్నం కలిసినప్పుడు జరిగేది ఇది:

ఏఎల్₂(ఎస్‌ఓ₄)₃ + సీఏ(ఓహెచ్)₂ → ఏఎల్(ఓహెచ్)₃ + సీఏ ఎస్‌ఓ₄

- సల్ఫేట్ ఎడమవైపు 3, కుడివైపు 1. కాబట్టి కాల్షియం సల్ఫేట్ ముందు 3.
- అల్యూమినియం ఎడమవైపు 2. కాబట్టి అల్యూమినియం హైడ్రాక్సైడ్ ముందు 2.
- కాల్షియం కుడివైపు ఇప్పుడు 3. కాబట్టి సున్నం ముందు 3.
- హైడ్రాక్సైడ్ రెండు వైపులా 6. అయిపోయింది.

ఆక్సిజన్‌లను విడివిడిగా లెక్కపెడుతూ కూర్చుంటే దీనికి పది నిమిషాలు పడుతుంది. ఇక్కడ పుట్టే అల్యూమినియం హైడ్రాక్సైడ్ తెల్లటి మెత్తటి గడ్డల్లా కిందికి దిగుతూ తనతో పాటు ఫ్లోరైడ్‌ను పట్టుకుపోతుంది.

గుంపు విరిగితే ఈ పద్ధతి చెల్లదు. అప్పుడు పరమాణువులను విడిగానే లెక్కపెట్టాలి. సిమెంటు ఫ్యాక్టరీ కొలిమిలో సున్నపురాయి కాలితే కార్బనేట్ విరుగుతుంది:

సీఏ సీఓ₃ → సీఏ ఓ + సీఓ₂

బోరు నీళ్లు మరిగించిన గిన్నె అడుగున పట్టే తెల్లటి పొర కూడా ఇలాంటిదే. బైకార్బనేట్ విరిగి కార్బనేట్ మిగులుతుంది:

సీఏ(హెచ్‌సీఓ₃)₂ → సీఏ సీఓ₃ + హెచ్₂ఓ + సీఓ₂

వాయువు వస్తోందంటే గుంపు విరిగిందేమోనని ముందే అనుమానించండి.

## 8. ఎక్కువగా జరిగే తప్పులు, వాటి దిద్దుబాటు

ఛార్జ్ రాయకపోవడం. ఎన్‌ఓ₂ అంటే విషవాయువు, ఎన్‌ఓ₂⁻ అంటే నైట్రైట్ అయాన్. ఎస్‌ఓ₃ వాయువు వేరు, ఎస్‌ఓ₃²⁻ సల్ఫైట్ వేరు. చిన్న గీత లేకపోతే పదార్థమే మారిపోతుంది.

ఐడ్, ఐట్, ఏట్ కలిపేయడం. సల్ఫైడ్‌లో ఆక్సిజన్ అసలు లేదు, ఎస్²⁻. సల్ఫైట్‌లో 3, సల్ఫేట్‌లో 4. చివర "ఐడ్" ఉంటే మామూలుగా ఒకే మూలకం. హైడ్రాక్సైడ్, సయనైడ్ (సీఎన్⁻), పెరాక్సైడ్ (ఓ₂²⁻) దీనికి మినహాయింపులు. దిద్దుకోవాలంటే ఒకే మూలకానివి మూడూ పక్కపక్కన పది సార్లు రాయండి. వేరే దారి లేదు.

బ్రాకెట్ లేకుండా సీఏ ఓహెచ్₂ అని రాయడం. ఇలా రాస్తే ఒక ఆక్సిజన్, రెండు హైడ్రోజన్‌లు అని అర్థం. ఉండాల్సింది రెండేసి.

నీళ్లలో కరిగిస్తే గుంపు విడిపోతుందనుకోవడం. కాల్షియం నైట్రేట్ కరిగితే వచ్చేవి ఒక సీఏ²⁺, రెండు ఎన్‌ఓ₃⁻. మొత్తం మూడు అయాన్లు. నైట్రోజన్, ఆక్సిజన్ విడిగా రావు.

చుక్క తర్వాతి నీటిని అయాన్‌లో కలిపేయడం. మైలుతుత్తం సీయూ ఎస్‌ఓ₄·5హెచ్₂ఓ. ఆ అయిదు నీటి అణువులు స్ఫటికానివి, సల్ఫేట్‌వి కావు. అణుభారం లెక్కలో మాత్రం వాటిని కలపాలి.

ఆక్సీకరణ సంఖ్యను ఛార్జ్ అనుకోవడం. బంధంలోని ఎలక్ట్రాన్లను ఎక్కువగా లాగే పరమాణువుకే ఇచ్చేశామనుకుంటే ఒక్కో పరమాణువుకు లెక్కలో వచ్చే ఛార్జే ఆక్సీకరణ సంఖ్య. సల్ఫేట్‌లో సల్ఫర్ ఆక్సీకరణ సంఖ్య +6, అయాన్ ఛార్జ్ 2−. అన్ని పరమాణువుల ఆక్సీకరణ సంఖ్యలను కూడితేనే అయాన్ ఛార్జ్ వస్తుంది, ఒక్కో ఆక్సిజన్‌ది −2 కాబట్టి: 6 − 8 = −2.

## 9. ఇంట్లో చేసి చూడదగ్గవి రెండు

కార్బనేట్ పరీక్ష: పగిలిన షాబాద్ బండ ముక్కను గీకి, ఆ పొడి మీద నిమ్మరసం చుక్కలు వేయండి. బుడగలు వస్తే కార్బనేట్ ఉన్నట్టు. తినే సోడాతో ఇంకా జోరుగా వస్తాయి. ఇంట్లో వేసిన బండల మీద చేయకండి, మచ్చ పడుతుంది.

అమ్మోనియం పరీక్ష: పళ్లెంలో నాలుగు డీఏపీ గింజలు, కాస్త తడి సున్నం వేసి పుల్లతో నలపండి. ఘాటు వాసన వస్తే అమ్మోనియం ఉంది. ఎన్‌హెచ్₄⁺ + ఓహెచ్⁻ → ఎన్‌హెచ్₃ + హెచ్₂ఓ. ఊళ్లలో డీఏపీ అసలుదో నకిలీదో చూడటానికి రైతులు చేసేదీ ఇదే. ఆరుబయటే చేయండి, ముక్కు దగ్గరికి తీసుకోకండి, తర్వాత చేతులు కడుక్కోండి.

బ్లీచింగ్ పౌడర్ జోలికి మాత్రం వెళ్లొద్దు. దానికి నిమ్మరసం గానీ, బాత్రూమ్ యాసిడ్ గానీ కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఎరువులతో కూడా కలపకూడదు.

## 10. నీటి రిపోర్టు, ఎరువు బస్తా చదవడం

బోరు నీటి పరీక్ష రిపోర్టులో ఫ్లోరైడ్, క్లోరైడ్ ఒక్క పరమాణువు అయాన్లు. నైట్రేట్, సల్ఫేట్, బైకార్బనేట్ గుంపులు. మన దేశ తాగునీటి ప్రమాణాల్లో ఫ్లోరైడ్‌కు హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరకనిచోట 1.5 వరకు. నైట్రేట్‌కు 45.

ఈ 45 దగ్గర ఒక చిక్కుంది. కొన్ని ల్యాబులు "నైట్రేట్" అని, కొన్ని "నైట్రేట్ నైట్రోజన్" అని రాస్తాయి. నైట్రేట్ గుంపు బరువు 62, అందులో నైట్రోజన్ వాటా 14. అంటే 45 మిల్లీగ్రాముల నైట్రేట్‌లో నైట్రోజన్ సుమారు 10. రిపోర్టులో నైట్రేట్ నైట్రోజన్ 20 అని ఉంటే "45 లోపే కదా" అని సంతోషపడకండి. నైట్రేట్‌గా లెక్కేస్తే అది 88 దాటుతుంది.

డీఏపీ బస్తా మీద 18-46 అని ఉంటే 46 ఫాస్ఫేట్ అయాన్ శాతం కాదు. భాస్వరాన్ని పీ₂ఓ₅ రూపంలో లెక్కగట్టి వేసిన అంకె అది. బస్తాలో పీ₂ఓ₅ అనే పదార్థమే ఉండదు.

## 11. అభ్యాసం

పుస్తకం మూసి చేయండి.

1. అమ్మోనియం ఫాస్ఫేట్ ఫార్ములా
2. మెగ్నీషియం బైకార్బనేట్ ఫార్ములా
3. ఐరన్ (III) సల్ఫేట్ ఫార్ములా
4. కాల్షియం హైపోక్లోరైట్ ఫార్ములా
5. బత్తాయి తోటలకు కొట్టే బోర్డో మిశ్రమంలో మైలుతుత్తం, సున్నం కలుస్తాయి. పాఠ్యపుస్తకం స్థాయిలో సమీకరణం రాయండి.
6. డైక్రోమేట్‌లో క్రోమియం ఆక్సీకరణ సంఖ్య

జవాబులు:

1. (ఎన్‌హెచ్₄)₃ పీఓ₄
2. ఎంజీ(హెచ్‌సీఓ₃)₂
3. ఎఫ్‌ఈ₂(ఎస్‌ఓ₄)₃
4. సీఏ(సీఎల్‌ఓ)₂
5. సీయూ ఎస్‌ఓ₄ + సీఏ(ఓహెచ్)₂ → సీయూ(ఓహెచ్)₂ + సీఏ ఎస్‌ఓ₄. అప్పటికే తుల్యంగా ఉంది.
6. +6

మొదటి నాలుగింట్లో బ్రాకెట్ తప్పితే 5వ భాగంలోని మూడో మెట్టు మళ్లీ చూడండి. ఛార్జ్ తప్పితే కార్డుల దగ్గరికి వెళ్లండి. ఆరోది రాకపోతే 2x − 14 = −2 అని రాసుకుని చేయండి.